ఇల్లు కట్టడంలో గొడవొస్తే ఏ చట్టం చూడాలి, ఎక్కడ వెతకాలి?

"కాంట్రాక్టరు స్లాబు వేసి పనాపేశాడండి. కన్‌స్ట్రక్షన్ లా పుస్తకం ఏదైనా ఉంటే చెప్పండి, చదువుకుంటాను." అమలాపురం నుంచి భీమవరం దాకా ఇల్లు కడుతున్నవాళ్లు నన్ను అడిగేది ఇదే. కొత్తగా ప్రాక్టీసు పెట్టిన జూనియర్ లాయర్లూ ఇదే అడుగుతున్నారు. ఒక్కొక్కరికీ ఫోన్లో చెప్పే ఓపిక అయిపోయి ఇక్కడ రాస్తున్నాను.

'నిర్మాణ చట్టం' అనే పేరుతో మన దేశంలో ఒక చట్టం లేదు. ఒక్క ఇంటి గొడవలోనే కాంట్రాక్టు చట్టం, భూమి చట్టాలు, పంచాయతీ లేదా మున్సిపాలిటీ నిబంధనలు, వినియోగదారుల చట్టం కలిసి ఉంటాయి. కూలీకి దెబ్బ తగిలితే కార్మిక చట్టం, ఏటిగట్టు పక్కన స్థలమైతే నీటిపారుదల శాఖ కూడా వచ్చి చేరతాయి. అందుకని చట్టం పేరుతో మొదలుపెట్టకండి. స్థలం ఎక్కడుంది, ఏ తేదీన ఏం జరిగింది, చేతిలో ఏ కాగితం ఉంది అనే దగ్గర మొదలుపెట్టండి.

లాయరు లేకుండా కేసు నడుపుకోమని ఇది రాయడం లేదు. లాయరు దగ్గరికి వెళ్లేసరికి సగం పని అయిపోయి ఉండాలని రాస్తున్నాను.

ముందు ఇవి దగ్గర పెట్టుకోండి

- కాంట్రాక్టరుతో రాసుకున్న అగ్రిమెంటు. స్టాంపు పేపరు మీద లేకపోతే తెల్లకాగితమైనా సరే, మేస్త్రి నోటు పుస్తకమైనా సరే.
- డబ్బులిచ్చిన లెక్క: బ్యాంకు స్టేట్‌మెంటు, ఫోన్‌పే రసీదులు, చేతికిచ్చినవి ఎవరి ఎదుట ఇచ్చారో.
- దస్తావేజు, లింకు డాక్యుమెంట్లు (పాత దస్తావేజులు), ఈసీ (స్థలం మీద జరిగిన లావాదేవీల పత్రం). పొలం అయితే రెవెన్యూ రికార్డులైన అడంగల్, వన్‌-బి, ఎఫ్ఎంబి స్కెచ్ (పొలం కొలతల పటం).
- ప్లాను అప్రూవల్, ఆ కాగితం వెనక ఉన్న షరతులతో సహా. ఆ వెనక పేజీ ఎవరూ చదవరు.
- పని ఫోటోలు, వాట్సాప్ మాటలు. ఫోన్ మార్చేలోపే బ్యాకప్ తీసుకోండి.
- ఒక పొడుగు నోటు పుస్తకం, ఇంటర్నెట్టు, రెండు మూడు సాయంత్రాలు.

1. తేదీల పట్టీ రాయండి

చట్టం చదవకముందే చేయాల్సిన పని ఇది. ఎడమవైపు తేదీ, మధ్యలో జరిగింది, కుడివైపు దానికి ఆధారం. ఉదాహరణకి రాజోలు వైపు ఒక బాబాయిగారి ఇల్లు అనుకుందాం. అడుగుకి ఇంత అని మెటీరియల్‌తో సహా కాంట్రాక్టు. బేస్‌మెంట్ దాకా బాగానే నడిచింది. స్లాబు పోసిన ఏడాదిన్నరకి సీలింగు పెచ్చులూడి, లోపలి కడ్డీ తుప్పుపట్టి కనపడింది. కాంట్రాక్టరు "చూద్దాం బాబాయ్" అంటూ తిప్పించుకుంటున్నాడు. పట్టీలో స్లాబు పోసిన తేదీ, ఆఖరి వాయిదా ఇచ్చిన తేదీ, పెచ్చు మొదట చూసిన తేదీ, "చేయిస్తాను" అని మెసేజ్ పెట్టిన తేదీ విడివిడిగా ఉండాలి.

జనం చేసే పొరపాటు ఒకటుంది. "సంక్రాంతి ముందు", "వరదల టైములో" అని రాస్తారు. కోర్టుకి సంక్రాంతి పనికిరాదు. కచ్చితమైన తేదీ గుర్తులేకపోతే ఆ వారంలో సిమెంటు కొన్న బిల్లు వెతకండి, కాంక్రీటు మిల్లరు అద్దె రసీదు వెతకండి. ఫోన్లో ఫోటో వివరాలు తెరిస్తే తీసిన తేదీ, సమయం కనిపిస్తాయి.

2. గొడవని ముక్కలు చేయండి

"మోసం చేశాడు" అనేది ఒక ప్రశ్న కాదు. బాబాయి గొడవనే విడగొడితే ఇలా వస్తుంది:

- ఒప్పుకున్న పని ఒప్పుకున్నట్టు చేయలేదు. ఇది 1872 నాటి భారత కాంట్రాక్టు చట్టం. నష్టపరిహారానికి 73వ సెక్షన్, అగ్రిమెంటులో ముందే "ఆలస్యమైతే రోజుకి ఇంత" అని రాసుకుంటే 74. గడువులోపు పూర్తి చేయకపోతే ఏమవుతుందనేది 55.
- సర్వీసులో లోపం. 2019 వినియోగదారుల రక్షణ చట్టం.
- అదనంగా చేసిన పనికి కాంట్రాక్టరే డబ్బులు అడుగుతున్నాడు. కాంట్రాక్టు చట్టం 70వ సెక్షన్ కూడా చూడాలి. రాతకోతలు లేకుండా చేసినా, ఊరికే చేసే ఉద్దేశం లేని పనికి, లాభం పొందినవాడు పరిహారం ఇవ్వాలని అది చెబుతుంది.
- ఇస్తానన్న డబ్బుకి చెక్కు ఇచ్చాడు, బౌన్సయింది. నెగోషియబుల్ ఇన్‌స్ట్రుమెంట్స్ చట్టం 138.
- పక్కవాళ్లు "మా బోదె పూడ్చేశావు, మా మురుగు ఆపేశావు" అంటున్నారు. 1882 ఈజ్‌మెంట్స్ చట్టం. కాంట్రాక్టరుతో దీనికి సంబంధమే లేదు.

ఒక్కో ముక్కకి నోటు పుస్తకంలో ఒక పేజీ. రెండు ముక్కలు కలిపేసి ఒకేసారి వెతికితే మీకు దొరికేది గందరగోళమే.

పోలీసు కేసు గురించి ఒక మాట. పని సరిగ్గా చేయకపోవడం దానంతటదే చీటింగు కాదు. మొదటినుంచీ మోసం చేసే ఉద్దేశం ఉందని చూపించగలిగితేనే ఆ దారి. ఇంకా "420 పెట్టిస్తా" అనేవాళ్లున్నారు. 2024 జులై 1 నుంచి ఆ స్థానంలో భారతీయ న్యాయ సంహిత 318వ సెక్షన్ వచ్చింది.

3. స్థలం ఎవరి పరిధిలో ఉందో తేల్చండి

మన డెల్టాలో అందరికంటే ఎక్కువ తప్పులు జరిగేది ఇక్కడే, అందుకని కాస్త ఆగుతాను.

*యానాం.* చుట్టూ మన గోదారి జిల్లాలే, మాటా మనదే, కానీ యానాం పుదుచ్చేరిలో భాగం. భవన నిబంధనలు పుదుచ్చేరివి, హైకోర్టు మద్రాసు హైకోర్టు. ఆంధ్రా జీవో తీసుకెళ్లి యానాం ఇంటికి అంటించకండి. అటువాళ్లు ఇటు స్థలం కొన్నా ఇదే జాగ్రత్త.

*పంచాయతీయా, మున్సిపాలిటీయా, పట్టణాభివృద్ధి సంస్థ పరిధా?* ఆంధ్రప్రదేశ్ భవన నిబంధనలు 2017, అంటే 2017 మార్చి 28 నాటి జీవో 119, ముఖ్యమైన పాఠం. దానికి తర్వాత సవరణలు వచ్చాయి, వాటితో కలిపి చదవాలి. మీ ఊరు పట్టణాభివృద్ధి సంస్థ పరిధిలో ఉందో లేదో పంచాయతీ కార్యదర్శిని అడగండి, నోటిమాటతో సరిపెట్టుకోకుండా ప్లాను అప్రూవల్ మీద ఏ ఆఫీసు పేరుందో చూడండి.

*లంకలు, ఏటిగట్లు.* గట్టు లోపలివైపు, అంటే ఏటివైపు ఉన్న భూమికి 1884 నాటి రివర్స్ కన్సర్వెన్సీ చట్టం ఉంది. మద్రాసు ప్రెసిడెన్సీ కాలం నాటిది, ఇంకా బతికే ఉంది. కాలువగట్టు, పుంత, పోరంబోకు మీద ఇల్లయితే 1905 భూ ఆక్రమణ చట్టం. ఇలాంటి పాత చట్టాల్లో కొన్నిటి పేర్లలో 'ఆంధ్ర ఏరియా' అని ఉంటుంది, అది మన కోస్తాకి వర్తించేదని గుర్తు. 'తెలంగాణ ఏరియా' అని ఉంటే పక్కన పెట్టేయండి.

*సముద్రం, ఆటుపోట్లు.* అంతర్వేది, ఓడలరేవు, కోరంగి వైపు స్థలమైతే తీరప్రాంత నియంత్రణ జోన్ నోటిఫికేషన్ చూడాలి. వాడుకలో అందరూ సీఆర్‌జెడ్ అంటారు. సముద్రం మూడు కిలోమీటర్ల దూరంలో ఉంది కదా మనకేంటి అనుకోకండి. ఆటుపోటు నీళ్లు ఎక్కే పాయలు, క్రీకుల ఒడ్డుకి కూడా అది వర్తిస్తుంది. 2011ది ఒకటి, 2019ది ఒకటి ఉన్నాయి, దూరాలు వేరు. క్రీకు ఒడ్డున 2011 ప్రకారం 100 మీటర్లు లేదా క్రీకు వెడల్పు, ఏది తక్కువైతే అది. 2019లో దాన్ని 50 మీటర్లకి తగ్గించారు. కానీ 2019 నోటిఫికేషన్ ప్రకారం తయారైన తీర ప్రణాళిక మ్యాపు ఆమోదం పొందేదాకా పాత మ్యాపే నడుస్తుందని అందులోనే రాశారు. కాబట్టి "కొత్త రూలు వచ్చింది, 50 మీటర్లే" అన్న రియల్ ఎస్టేటు మాట నమ్మకుండా, మీ సర్వే నంబరు మీద ఏ మ్యాపు నడుస్తోందో రాతపూర్వకంగా అడగండి.

*కొల్లేరు అంచు.* ఏలూరు వైపు ప్లస్ 5 కాంటూరు (సముద్రమట్టానికి ఐదడుగుల ఎత్తు గీత) లోపలైతే అది అభయారణ్యం. 1999 జీవో 120. ఇల్లు కట్టడం మాట తర్వాత, ముందు అటవీ శాఖ.

*22-ఎ జాబితా, డి-పట్టాలు.* రిజిస్ట్రేషన్ శాఖ సైటులో మీ సర్వే నంబరు 22-ఎ అనే నిషేధిత జాబితాలో ఉందో లేదో చూడండి. డి-పట్టా, అంటే ప్రభుత్వం ఇచ్చిన అసైన్డ్ భూమి అయితే 1977 చట్టం, దానికి వచ్చిన సవరణలు చదవాలి.

పూడ్చిన రొయ్యల చెరువు మీద వేసిన లేఅవుట్లు ఇప్పుడు ఎక్కువయ్యాయి. రికార్డులో 'మెట్ట' అనో 'పల్లం' అనో ఉంటుంది, నేల మీద చూస్తే మెరక తోలి చదును చేసేసి ఉంటుంది. పాత అడంగల్‌లో చెరువు అని ఉందేమో రెండు మూడేళ్లవి వెనక్కి తీసి చూడండి. ఉపగ్రహ మ్యాపుల్లో పాత సంవత్సరాల బొమ్మలు కూడా దొరుకుతాయి, పదేళ్ల కింద అక్కడ నీళ్లు మెరుస్తున్నాయేమో చూడండి. పునాది కుంగిన కేసులో తప్పు కాంట్రాక్టరుదా, స్థలం అమ్మినవాడిదా, మట్టి పరీక్ష చేయించని మనదా అనే వాదన అక్కడినుంచే మొదలవుతుంది.

4. మీ ఒప్పందం ఏ రకమో చూసి, ఎక్కడికెళ్లాలో నిర్ణయించుకోండి

*సొంత స్థలంలో కాంట్రాక్టరు చేత ఇల్లు.* చాలామంది "రెరాలో వేస్తా" అంటారు. రెరా, అంటే 2016 రియల్ ఎస్టేట్ చట్టం, ఫ్లాట్లు, ప్లాట్లు కట్టి అమ్మేవాళ్ల కోసం. మీ స్థలంలో మీరు కట్టించుకునే ఇంటికి అది రాదు. మీకున్న దారులు వినియోగదారుల కమిషన్ లేదా సివిల్ కోర్టు. ఇంటి నిర్మాణం 'సర్వీసు' కిందికి వస్తుందని చట్టంలోనే ఉంది. సుప్రీంకోర్టు కూడా లక్నో డెవలప్‌మెంట్ అథారిటీ వర్సెస్ ఎం.కె. గుప్తా కేసులో 1993లోనే చెప్పింది. జిల్లా కమిషన్‌కి ఇప్పుడు లెక్క మీరు చెల్లించిన సొమ్ము మీద: 50 లక్షల దాకా అక్కడే. 5 లక్షల దాకా ఫీజు లేదు. కాంట్రాక్టరు విశాఖలో ఉన్నా మీరు నివసించే జిల్లాలోనే వేసుకోవచ్చు. ఒక్క జాగ్రత్త, అద్దెకిచ్చే షాపుల కాంప్లెక్సయితే అవతలివాళ్లు "ఇది వ్యాపారం, నువ్వు వినియోగదారుడివే కాదు" అని అడ్డం తగులుతారు. ఆ అభ్యంతరానికి జవాబు ముందే వెతికి పెట్టుకోండి.

*బిల్డరు దగ్గర ఫ్లాటు, లేఅవుట్‌లో ప్లాటు.* ఇక్కడ రెరా. స్థలం 500 చదరపు మీటర్లు దాటకపోతే, లేదా ఫ్లాట్లు 8 దాటకపోతే రిజిస్ట్రేషన్ అక్కర్లేదు. 500 చదరపు మీటర్లంటే మన లెక్కలో 12 సెంట్ల పైచిలుకు. 13వ సెక్షన్: రిజిస్టరు అగ్రిమెంటు లేకుండా ధరలో 10 శాతానికి మించి తీసుకోకూడదు. 14(3): స్వాధీనం ఇచ్చిన ఐదేళ్లలోపు నిర్మాణంలో లోపం బయటపడి మీరు చెబితే 30 రోజుల్లో ఉచితంగా బాగుచేయాలి. 18: ఆలస్యమైతే మీ డబ్బు వడ్డీతో వెనక్కి. రెరా ఉన్నంత మాత్రాన వినియోగదారుల కమిషన్ దారి మూసుకుపోలేదని 2020లో ఇంపీరియా స్ట్రక్చర్స్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది.

*డెవలప్‌మెంట్ అగ్రిమెంటు.* స్థలం మీది, కట్టేది బిల్డరు, ఫ్లాట్లు వాటాలు. కాకినాడ, రాజమండ్రిలో ఇవే ఎక్కువ. "నువ్వు భాగస్వామివి, వినియోగదారుడివి కాదు" అని బిల్డర్లు వాదిస్తారు. ఫకీర్ చంద్ గులాటీ కేసు, 2008, సుప్రీంకోర్టు. స్థలం యజమాని అలాంటి ఒప్పందంలో వినియోగదారుడు అవుతాడని అందులో చెప్పారు. అది చదివి, మీ అగ్రిమెంటులో లాభనష్టాల పంపకం లాంటి మాటలున్నాయేమో చూసుకోండి. తేడా అక్కడే పడుతుంది.

*అగ్రిమెంటులో ఆర్బిట్రేషన్ అని ఉంటే.* అంటే గొడవని కోర్టు బయట మధ్యవర్తి తేల్చాలని. దానికి 1996 చట్టం. సివిల్ కోర్టుకెళితే అవతలివాళ్లు తమ మొదటి జవాబు వేసేలోపు 8వ సెక్షన్ కింద అడ్డుచెప్పవచ్చు. వినియోగదారుల కమిషన్‌కి మాత్రం ఆ క్లాజు అడ్డం కాదని 2018 ఎమ్మార్ ఎంజీఎఫ్ వర్సెస్ ఆఫ్తాబ్ సింగ్ తీర్పు.

*మీరే కాంట్రాక్టరైతే.* మీ పేరున ఉన్నది భాగస్వామ్య సంస్థయితే అది రిజిస్టరై ఉందా చూసుకోండి. 1932 చట్టం 69వ సెక్షన్ ప్రకారం రిజిస్టరు కాని సంస్థ ఒప్పందం మీద దావా వేయలేదు. నిర్మాణ కాంట్రాక్టు వివాదం 3 లక్షలు, ఆ పైన ఉంటే 2015 వాణిజ్య కోర్టుల చట్టం కిందికి వస్తుందేమో కూడా చూడాలి, వస్తే అత్యవసర ఉత్తర్వులు అడగని దావాకి ముందు మధ్యవర్తిత్వం తప్పనిసరి. డ్రెయిను పనో, రోడ్డు పనో చేసిన ప్రభుత్వ బిల్లు అయితే సివిల్ ప్రొసీజర్ కోడ్ 80వ సెక్షన్ కింద రెండు నెలల నోటీసు.

5. గడువు లెక్క వేయండి, మిగతా పరిశోధన తర్వాత

మంచి కేసులు చచ్చిపోయేది ఇక్కడ. ముఖ్యమైనవి నాలుగు:

- వినియోగదారుల కమిషన్: 2 ఏళ్లు. ఆలస్యానికి తగిన కారణం చూపిస్తే మన్నించవచ్చు, మన్నిస్తారని గ్యారంటీ లేదు.
- ఒప్పంద ఉల్లంఘనకి సివిల్ దావా: ఉల్లంఘన జరిగిన నాటినుంచి 3 ఏళ్లు, 1963 లిమిటేషన్ చట్టం ఆర్టికల్ 55.
- చెల్లింపు గడువు రాసుకోని పనికి కాంట్రాక్టరు డబ్బు అడగాలంటే: పని అయిన నాటినుంచి 3 ఏళ్లు, ఆర్టికల్ 18.
- చెక్కు బౌన్సయితే: బ్యాంకు నుంచి సమాచారం అందిన 30 రోజుల్లో నోటీసు, అవతలివాళ్లకి 15 రోజులు, ఆ తర్వాత నెలలోపు ఫిర్యాదు.

"లాయరు నోటీసు ఇచ్చాం కదా, గడువు ఆగుతుంది" అనుకుంటారు. ఆగదు. మీరిచ్చే మామూలు లాయరు నోటీసు గడువును ఒక్క రోజు కూడా పెంచదు. అవతలివాడు బాకీ ఉన్నట్టు గడువులోపే సంతకంతో రాసిస్తేనో, కొంత చెల్లించి దానికి రాత ఇస్తేనో లిమిటేషన్ చట్టం 18, 19 సెక్షన్ల కింద కొత్తగా లెక్క మొదలవుతుంది. కాంట్రాక్టరు "పండగయ్యాక చేస్తా" అంటే సరేననకుండా, ఆ మాటే కాగితం మీద రాయించి సంతకం పెట్టించుకోండి.

6. చట్టం అసలు పాఠం తెచ్చుకోండి, అది బతికుందో లేదో చూడండి

కేంద్ర చట్టాలకి 'ఇండియా కోడ్' సైటు. రాష్ట్ర చట్టాలు కూడా అందులో ఉన్నాయి గాని సవరణలు అన్నీ ఎక్కి ఉంటాయని అనుకోకండి. జీవోలకి రాష్ట్ర ప్రభుత్వ జీవోల సైటు, గెజిట్. రెరా ఉత్తర్వులు ఏపీ రెరా సైటులో. ప్లాను స్థితి ఆన్‌లైన్ అనుమతుల పోర్టల్‌లో. భూమి రికార్డు మీభూమి సైటులో. ఈసీ, 22-ఎ జాబితా రిజిస్ట్రేషన్ శాఖ సైటులో.

చదివే వరుస ఇలా పెట్టుకోండి: మొదట నిర్వచనాల సెక్షన్, తర్వాత చట్టం ఎవరికి వర్తిస్తుందో చెప్పే సెక్షన్, ఆ తర్వాతే మీకు కావలసిన సెక్షన్, చివర మినహాయింపులు. తిన్నగా కావలసిన సెక్షన్‌కి దూకేవాళ్లు రెరాని సొంతింటికి అంటించేది ఇందుకే.

నేను తిన్న ఎదురుదెబ్బ ఒకటి చెబుతాను. ప్రాక్టీసు కొత్తలో ఒక సెట్‌బ్యాక్ (ఇంటి చుట్టూ వదలాల్సిన ఖాళీ) గొడవలో నెట్‌లో దొరికిన భవన నిబంధనల పీడీఎఫ్ ప్రింటు తీసుకుని, ఎర్ర పెన్నుతో గీతలు కొట్టి, సీనియర్ గారి టేబుల్ మీద గర్వంగా పెట్టాను. ఆయన మొదటి పేజీ తిప్పి "ఇది రద్దయిపోయిన జీవో, ఎక్కడ తవ్వావయ్యా" అన్నారు. రెండు రాత్రుల పని బుట్టలోకి. అప్పటినుంచి ఏ ప్రింటు తీసినా పైన కుడిమూల 'అమల్లో ఉందా? చూసిన తేదీ' అని రాసుకుంటాను.

ఈ జాగ్రత్త ఎందుకో ఈమధ్య ఉదాహరణలు చాలు. ఆంధ్రప్రదేశ్ భూ హక్కుల చట్టం 2023లో అమల్లోకి వచ్చింది, 2024లో రద్దయింది. నెట్‌లో దాని గురించిన వ్యాసాలు మాత్రం అలాగే ఉన్నాయి. సాక్ష్యాల చట్టం పోయి భారతీయ సాక్ష్య అధినియం వచ్చింది. 2025 నవంబరు 21 నుంచి నాలుగు కార్మిక కోడ్‌లు అమల్లోకి వచ్చాయి, కాబట్టి సెంట్రింగు మీదనుంచి కూలీ పడిన కేసులో 1923 పరిహార చట్టం, 1996 భవన నిర్మాణ కార్మికుల చట్టం అని పాత పుస్తకం చూసి రాయకుండా, ప్రమాదం జరిగిన తేదీకి ఏది అమల్లో ఉందో చూడాలి. ఏ మార్పునైనా ఈ ప్రశ్నతోనే చూడండి: నా పట్టీలో ఆ సంఘటన తేదీ మార్పుకి ముందా, తర్వాతా?

7. తీర్పులు వెతకండి

'ఇండియన్ కానూన్' సైటు చాలామందికి చాలు. సుప్రీంకోర్టు తీర్పులకి ఈ-ఎస్‌సీఆర్ సైటు ఉచితం. మన హైకోర్టు 2019 జనవరి 1 నుంచి అమరావతిలో వేరుగా ఉంది. అంతకుముందువి హైదరాబాదు ఉమ్మడి హైకోర్టువి, అవి ఏఎల్‌టి, ఏఎల్‌డి అనే తీర్పుల సంపుటాల్లో దొరుకుతాయి. బార్ అసోసియేషన్ లైబ్రరీలో తెలిసిన లాయరు ద్వారా అడగండి.

వెతికే మాటలు ఇంగ్లీషులోనే కొట్టాలి, తప్పదు. 'బిల్డింగ్ కాంట్రాక్టర్ చీటింగ్' అని కొడితే వేల ఫలితాలొస్తాయి, ఏదీ మీది కాదు. చట్టం పేరు, సెక్షన్ నంబరు, మీ గొడవలోని ఒక వస్తువు కలిపి కొట్టండి: ఉదాహరణకి 'డెఫిషియన్సీ', 'స్లాబ్', 'లీకేజ్', 'కాంట్రాక్టర్'. రాష్ట్ర, జాతీయ వినియోగదారుల కమిషన్ల తీర్పులకి వడపోత పెట్టండి. ఒక మంచి తీర్పు దొరికితే దాన్ని తర్వాత ఏ తీర్పుల్లో ఉదహరించారో చూపించే లింకు నొక్కండి. మిగతావాళ్లు గంటసేపు చేసే పని ఈ ఒక్క నొక్కుతో మీకు తప్పుతుంది.

తీర్పు చదివేటప్పుడు హెడ్‌నోటుతో, అంటే పైన ఇచ్చే సారాంశంతో ఆపకండి. సంఘటనల పేరా చదివి మీ పట్టీ పక్కన పెట్టండి. తర్వాత 'కోర్టు ఏం తేల్చింది' అనేది, 'లాయరు ఏం వాదించాడు' అనేది వేరుచేయండి. ఓడిపోయిన లాయరు వాదనని కోర్టు మాటగా రాసుకొచ్చినవాళ్లని నేను చాలామందిని చూశాను.

కేసు ఇంకా నడుస్తోందా, పైకోర్టులో స్టే ఉందా అన్నది ఈ-కోర్ట్స్ సైటులో కేసు నంబరుతో చూడవచ్చు.

8. పనిలో లోపాన్ని చట్టం భాషలోకి మార్చండి

బాబాయి స్లాబు దగ్గరికి మళ్లీ వెళదాం. కడ్డీకి తుప్పు ఎందుకు పట్టింది? మన తీర గ్రామాల్లో చాలాసార్లు కారణం నీళ్లు. బోరు నీళ్లు ఉప్పగా ఉంటే వాటితోనే కాంక్రీటు కలిపేస్తారు, వాటితోనే క్యూరింగు చేస్తారు. కాంక్రీటు పనికి భారత ప్రమాణమైన ఐఎస్ 456 కోడ్ ప్రకారం కడ్డీ ఉన్న కాంక్రీటుకి వాడే నీళ్లలో క్లోరైడు లీటరుకి 500 మిల్లీగ్రాములు దాటకూడదు. ఆ బోరు నీళ్లు ఒక సీసాలో పట్టి ల్యాబ్‌లో ఇస్తే అంకె వచ్చేస్తుంది. "ఉప్పునీళ్లు వాడాడండి" అనే ఫిర్యాదుకీ, ల్యాబ్ రిపోర్టులో అంకెకీ కమిషన్ ముందు చాలా తేడా ఉంటుంది.

మరి ఐఎస్ కోడ్ చట్టమా? దానంతటది కాదు. అగ్రిమెంటులో "ఐఎస్ కోడ్ల ప్రకారం" అని ఉంటే ఒప్పందం ద్వారా, అనుమతి షరతుల్లో ఉంటే నిబంధనల ద్వారా బలం వస్తుంది. వినియోగదారుల చట్టంలో 'లోపం' నిర్వచనం చూడండి, చట్టం ప్రకారమో ఒప్పందం ప్రకారమో ఉండాల్సిన నాణ్యత లేకపోవడం అని ఉంటుంది. మీ అనుమతి కాగితం వెనక పేజీ చదవమన్నది ఇందుకే.

నీళ్లు ఎవరు సరఫరా చేశారు అన్నది కూడా తేల్చుకోండి. బోరు మీదే, "ఇవే వాడు" అన్నది మీరే అయితే కాంట్రాక్టరు లాయరు మొదట పట్టుకునేది దాన్నే.

రిపేరు చేయించకముందే సాక్ష్యం తీయించండి. ఫోటోల్లో కొలబద్ద పెట్టండి. ఇంజినీరు రిపోర్టులో ఆయన అర్హత, చూసిన తేదీ, చేసిన పరీక్ష, బాగుచేయడానికయ్యే ఖర్చు నాలుగూ ఉండాలి. దావా వేస్తే స్థలం చూసి రిపోర్టిచ్చే అడ్వొకేట్ కమిషనర్‌ని కోర్టు ద్వారా పంపించమని సివిల్ ప్రొసీజర్ కోడ్ ఆర్డర్ 26 రూల్ 9 కింద అడగవచ్చు. వాట్సాప్ మాటలు పెట్టాలంటే సాక్ష్య అధినియం 63వ సెక్షన్ సర్టిఫికెట్ కావాలి, స్క్రీన్‌షాట్ ప్రింటు ఒక్కటే సరిపోదు.

ఆఫీసు దగ్గర ఉన్న ఫైలు కావాలంటే, అంటే ప్లాను కాపీ, లేఅవుట్ అనుమతి, తనిఖీ నోట్, సమాచార హక్కు దరఖాస్తు పెట్టండి. గడువు 30 రోజులు. "అన్ని వివరాలు ఇవ్వండి" అని రాస్తే ఏదీ రాదు. ఫైలు నంబరు, సర్వే నంబరు, ఫలానా కాగితం నకలు అని అడగండి.

9. సరిగ్గా చేశారో లేదో ఇలా చూసుకోండి

ఒకే ఒక్క పేజీ రాయండి. ఒక్కో ముక్కకి ఐదు గడులు: ప్రశ్న, వర్తించే సెక్షన్, ఒక తీర్పు, గడువు ముగిసే తేదీ, నా దగ్గరున్న ఆధారం. ఏ గడైనా ఖాళీగా ఉంటే మీ పరిశోధన అక్కడ అయిపోలేదు. 'గడువు' గడిలో "3 ఏళ్లు" అని రాయకండి, క్యాలెండరు తేదీ వేయండి.

తర్వాత అవతలివాళ్ల కుర్చీలో కూర్చోండి. కాంట్రాక్టరు తరఫున మీరే ఒక జవాబు నోటీసు రాయండి: డబ్బు ఆలస్యంగా ఇచ్చారు, మధ్యలో ప్లాను మార్చారు, ఇసుక మీరే తెప్పించారు. వీటికి మీ పట్టీలో జవాబు ఉందా? మెట్ల గది అదనంగా వేయించిన సంగతి మర్చిపోయి ఉంటారు, ఇప్పుడు గుర్తొస్తుంది.

ఇంకో పరీక్ష: మీకు ప్రతికూలంగా ఒక్క తీర్పైనా దొరికిందా? దొరకకపోతే మీరు వెతకలేదని అర్థం. అదీ ఆ పేజీలో రాసి పెట్టండి, లాయరు దగ్గర దాచకండి.

ఇంకొకటి, కోర్టు ఎక్కడన్నది. 2022 ఏప్రిల్ 4న జిల్లాలు మారాయి, భీమవరం, అమలాపురం జిల్లా కేంద్రాలయ్యాయి. కలెక్టరేటు మారినంత మాత్రాన కోర్టు పరిధి, వినియోగదారుల కమిషన్ కూడా అదే రోజు మారిపోయాయనుకోకండి. దాఖలు చేసేముందు ఆ ఆఫీసు క్లర్కునే అడగండి, ఐదు నిమిషాల పని.

ఆ ఒక్క పేజీ పైన, దాని కింద తేదీల పట్టీ, దాని కింద కాగితాలు తేదీ వరుసలో, ఒరిజినల్స్ ఇంట్లో ఉంచి జిరాక్సులు మాత్రమే ఒక ఫైల్లో పెట్టి లాయరు దగ్గరికి వెళ్లండి. బాబాయిగారి లాంటి కేసయితే ఆ ఫైలు ముప్పై పేజీలు దాటదు. సీసాలో పట్టిన బోరు నీళ్లు మాత్రం ఫైల్లో పెట్టకండి, ల్యాబ్‌కి ఇవ్వండి. ఒకాయన నిజంగానే నా టేబుల్ మీద పెట్టేసి వెళ్లారు.